నేను కోసేసిన చరణం

పోయిన నెలలో కర్నూల్లోని నా సెల్ అంగడికి ఇద్దరు ఇంజనీరింగ్ పిల్లలు స్క్రీన్ గార్డు వేయించుకోవడానికి వచ్చారు. నేను ఫోను తుడుస్తుండగానే ఇద్దరూ కొట్లాటకు దిగారు. పొలం గట్టు గురించి కాదు, ఆడపిల్ల గురించీ కాదు. ర్యాప్ పాటలు కట్టేవాళ్లలో ఎవడు గొప్ప అని. ఒకడు, "మాట మీద మాట ఎట్ల పేరుస్తాండాడో చూడ్రా, వాడే గొప్పోడు. దేని గురించి పాడితే నీకేమి?" అన్నాడు. రెండోవాడు, "పాడేదంతా తుపాకులు, తాగుడు, ఆడోళ్లను తిట్టేది. వినే పిల్లోళ్లు ఏమైపోవాల? బాధ్యత ఉండొద్దా?" అన్నాడు. చివరికి ఇద్దరూ నా వైపు తిరిగి "అన్నా, నువ్వు చెప్పు" అన్నారు. నేను గార్డు వంకరగా అతికించాను. కింద నాలుగు గాలి బుడగలు. ఇరవై ఏళ్ల అనుభవంలో అంత చెడ్డగా ఎప్పుడూ అతికించలేదు. ఎందుకంటే ఈ కొట్లాట నేను చిన్నప్పుడే ఎర్రగుంట్లలో కొట్లాడేశాను. గెలిచాను కూడా. గెలిచినప్పటి నుంచే నాకు మనసు బాగుండదు.

ఎర్రగుంట్లలో మా ఇల్లు లారీలు నిలిచే మైదానానికి ఆనుకుని ఉండేది. సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ముకు మా వీధిలో అన్నిటికీ ఒకటే రంగు: గోడలు, మేకలు, మనుషులు. మా అవ్వ పొద్దున లేచి ఊడ్చేది, మధ్యాహ్నం ఊడ్చేది, దీపాలవేళ మళ్లీ ఊడ్చేది. నీళ్ల కడవ మీద మూత, మూత మీద తడిగుడ్డ, గుడ్డ మీద మళ్లీ ఇంకో గిన్నె బోర్లించేది. సంగటి ముద్ద చేతిలోకి తీసుకుంటే దాని మీద కూడా ఒక చూపు చూసి, ఊది తినేది. వాన పడిన ప్రతిసారీ మా ఇంటి రేకులు కొంచెం మందమవుతున్నాయని, ఇంకో పదేళ్లు ఆగితే మిద్దె దానంతటదే లేస్తుందని మా నాయన వేళాకోళమాడేవాడు. ఆ వేళాకోళమే నాకు ఆస్తిగా వచ్చింది. ఎనిమిదో తరగతిలో లెక్కల అయ్యవారు ఒక ప్రశ్న అడిగితే దానికి నేనొక ప్రశ్న వేశాను. బయట నిలబడమన్నాడు. నిలబడ్డాను. ఎంతసేపో చెప్పలేదు కాబట్టి ఇప్పటికీ బయటే ఉన్నాను.

బడి పోయినా నోరు పోలేదు. మైదానంలో లారీలు లోడింగుకు వరస కట్టి ఉండేవి. దాన్ని సీరియల్ అనేవారు. ఒక్కోసారి రెండు మూడు రోజులు పట్టేది. డ్రైవర్లు లారీల నీడలో స్టవ్వు వెలిగించి వంట చేసుకునేవారు, లుంగీలు ఉతికి బంపర్ల మీద ఆరేసేవారు. పొద్దున పూట ఉగ్గాణి, మిరపకాయ బజ్జీల వాసన డీజిలు వాసనతో కలిసి వచ్చేది. ఇప్పటికీ రెండూ విడివిడిగా వస్తే నాకు ఏదో తక్కువైనట్టు ఉంటుంది. చేసేదేమీ లేక కూర్చున్న అంతమంది మగవాళ్లకు కావాల్సింది ఇద్దరే. ఒకడు టీ పోసేవాడు, ఇంకొకడు నవ్వించేవాడు. ఆ రెండోవాణ్ణి నేను. సీడీ అంగడిలో కూర్చుని, ఒక్క సీడీలో నూటయాభై పాటలు ఎక్కించి డ్రైవర్లకు ఇవ్వడం నా పని. ఎక్కిస్తున్నంతసేపూ వాళ్ల మీసాలను, వాళ్ల లారీలను, వాళ్ల మామగార్లను ఎగతాళి చేయడం నా సరదా. "మాటల పెంచలయ్య ఉండాడా?" అని అడుగుతూ వచ్చేవారు. పంతొమ్మిదేళ్లవాడికి అంతకంటే ఏం కావాలి?

అలా ఉండగా మస్తాను పాట కట్టాడు.

మస్తాను నా ఈడువాడు. వాళ్ల నాయన దస్తగిరి మామ దూది ఏకేవాడు. మామ భుజాన విల్లు, మస్తాను చేతిలో గొడ్డలి పిడిలాంటి కొయ్య దస్తా. ఇద్దరూ వీధి వీధి తిరిగేవారు. ఎండలు ముదిరినప్పుడు ఇళ్లలో పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన దూదిని మిద్దెల మీద ఆరబోసేవారు. ఎండకు కాగిన పాత దూది వాసన ఒకటి ఉంటుంది. తలనూనె, చెమట, చంటిపిల్లల పాలు, అన్నీ కలిసిన వాసన. మామ విల్లు నారిని ఆ దూదిలో ఆనించి దస్తాతో కొడితే టుంగ్, టుక్కుటుక్కు, టుంగ్ అని మోగేది. దూది పొగలాగా లేచేది. మా అవ్వ ఏటా మా వాకిట్లో ఏకించేది. ఎప్పుడూ మాట్లాడని మనిషి ఆ చప్పుడుకు మాత్రం తల ఊపుతూ కూర్చునేది.

ఒక మద్రాసు లారీ డ్రైవరు ఎక్కడో సంపాదించిన ఇంగ్లీషు ర్యాప్ సీడీ ఒకటి నాకిచ్చి, కాపీ కొట్టమన్నాడు. మస్తాను నా పక్కనే కూర్చుని విన్నాడు. ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

"తిడతాండాడ్రా," అన్నాను నేను. "తిట్లు యా భాషలో ఉన్నా నాకు తెలుస్తాది."

"తిట్టేది కాదప్పా," అన్నాడు మస్తాను. "వాళ్ల వీధిలో నిలబడుకోని, వాళ్ల వీధి గురించి చెప్తాండాడు. ఆ దెబ్బ విను. మా నాయన ఏకినట్ల లేదూ?"

వారం తిరక్కుండా లారీల సీరియల్ మీద ఒక పాట కట్టి, టీ అంగడి దగ్గర పాడాడు. నేను మూడేళ్లుగా అదే సీరియల్ మీద జోకులు వేస్తున్నాను. నా జోకులకు నవ్వేవారు. వాడి పాటను నేర్చుకున్నారు. తేడా నాకు ఆ రోజే తెలిసింది. నవ్వు అక్కడే రాలిపోతుంది. పాటను లారీలో ఎక్కించుకుని బళ్లారి దాకా తీసుకుపోతారు. నేనూ ఊరుకోలేదు. "సిమెంటు సిమెంటు మా ఊరి సిమెంటు, దుమ్ము తింటే లేదు ట్రీట్‌మెంటు" అని ఒకటి కట్టాను. ఓబులేసన్న అని, మా అంగడికి అందరికంటే పాత గిరాకీ, పెద్దరికమున్న డ్రైవరు, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పెంచలా, నువ్వు మాట్లాడప్పా. శానా బాగా మాట్లాడతావు. పాడొద్దప్పా."

తర్వాత మస్తాను అసలు పాట తెచ్చాడు. ఫ్యాక్షను ఊళ్లో సంచి మోసేవాడి నోటితో కట్టిన పాట. సంచిలో ఉండేవి నాటుబాంబులని మా వైపు చంటిపిల్లలకు కూడా చెప్పనక్కర్లేదు. ఒక మధ్యాహ్నం అంగడి షట్టరు సగం దించి, మైకుకు చేతిగుడ్డ చుట్టి, కంప్యూటర్లో రికార్డు చేశాం. వాడే విల్లు మోగించాడు, వాడే పాడాడు:

"పేరడగద్దు, ఊరడుగు,
ఊరడగద్దు, నీరడుగు,
నీళ్లు లేని బాయిలోన
నిప్పు పుట్టిన తీరడుగు."

రెండో చరణం ఇంకా పొగరు:

"మాయన్న మీసం తిప్పెనా
మీ వీధి తలుపు మూసుకుంటాది,
మా సంచి కింద పెడితిమా
మీ గోడ నేల చూసుకుంటాది."

ఆ తర్వాత మూడోది, ఆఖరిది. దాన్ని ఇప్పుడే చెప్పను. అది వింటుండగా బయట లారీ హారన్ కొట్టినా నాకు వినపడలేదు. మొదటి రెండు చరణాల్లో విర్రవీగినవాడు ఆ మూడో దాంట్లో చితికిపోతాడు, పాట మొత్తం తలకిందులవుతుంది. మస్తాను చెమట తుడుచుకుంటూ, "ఎట్లుంది?" అన్నాడు. "పర్వాలేదు, నీళ్లు తాగు" అన్నాను. నా జీవితంలో నేనాడిన అతి చెడ్డ మాట ఏదని అడిగితే ఆ 'పర్వాలేదే' అంటాను.

వాడు వెళ్లిపోయాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పాటను కంప్యూటర్లో చూస్తే కొండల వరసలా కనబడుతుంది. మూడు కొండలు. మూడోది అన్నిటికంటే చిన్నది, గొంతు తగ్గించి పాడాడు కాబట్టి. దాని మీదికి మౌసు జరిపాను. డ్రైవర్లకు ఓపిక ఉండదు, పాట కురచగా ఉంటేనే మంచిదని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే ఆ కొండను పట్టి తీసేశాను. చెరిపేస్తే ఎలా ఉంటుందో చూద్దామని కాదు. అది ఉన్నంతకాలం నేను ఆ మైదానంలో మస్తాను తర్వాతివాడినని నాకు తెలుసు కాబట్టి.

కురచ పాట మంటలా పాకింది. ప్రతి లారీలోనూ అదే. మస్తాను ఇంట్లో ప్లేయరు లేదు. లారీల్లోంచి పోతూ పోతూ వినిపించే ముక్క విని వాడు పొంగిపోయేవాడు. ఒకరోజు నేను ఇంటికి వెళ్తే మా అవ్వ బియ్యంలో రాళ్లేరుతూ "నీరడుగు, నీరడుగు" అని కూనిరాగం తీస్తోంది. మా అవ్వ! పుట్టి బుద్ధెరిగాక నా జోకుకు ఒక్కదానికి నవ్విన మనిషి కాదు. ఆ పూట నేను అన్నం తినలేదు. అవ్వ ఎండదెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చింది.

ఆ మర్నాడే నాకు బాధ్యత దొరికింది. బజ్జీలు చుట్టిచ్చిన కాగితంలో దొరికింది. సీమ అంటే బాంబులే అన్నట్టు చూపించడం తగదని, కళాకారుడికి సామాజిక బాధ్యత ఉండాలని ఎవరో పెద్దమనిషి పత్రికలో రాశాడు. సగం వాక్యాలు నూనెలో కలిసిపోయినా నాకు కావాల్సినంత మిగిలింది. కాగితాన్ని ఎండలో ఆరబెట్టి, కంఠతా పట్టాను. బళ్లో ఉన్నప్పుడు ఒక్క పాఠం పట్టలేదు.

టీ అంగడి దగ్గర, పది పదిహేనుమంది డ్రైవర్లతో మస్తాను కూడా కూర్చున్నప్పుడు మొదలుపెట్టాను. "మన ఊరి పేరు చెప్తే బయటోళ్లు ఇప్పటికే నాలుగడుగులు వెనక్కి పోతాండారు. ఈయన గారి పాట విని ఇంగ నాలుగు పోతారు. మాట బాగుంటే సాల్నా? సామాజిక బాధ్యత ఉండొద్దా?"

"ఏందప్పా ఈ పొద్దు పెంచల అయ్యవారి మాదిరి మాట్లాడతాండాడు?" అని ఎవరో నవ్వారు.

మస్తాను మాత్రం నవ్వలేదు. "నేను బాంబు ఎయ్యమని చెప్పలే. ఏసేటోడు ఎట్ల మాట్లాడతాడో చెప్పినా. వాని నోటితో చెప్తేనే గదా వాడేమైపోయినాడో తెలిసేది. ఆఖరు చరణం వినకుండానే తీర్పు చెప్తాండావే!"

"యా చరణమప్పా?" అన్నాడు ఓబులేసన్న. "గోడ నేల చూసుకుంటాది అంటావే, ఆడికే అయిపోతాది గదా పాట. నా బండ్లో నూరుసార్లు విన్నా."

మస్తాను నా వైపు చూశాడు. "యాడబోయింది రా?"

"నాకేం తెలుసు? కంప్యూటర్ మింగిందేమో."

వాడు ఒక్క క్షణం అలాగే చూసి, సరే, ఇక్కడే పాడతాను అన్నట్టు గొంతు సవరించుకున్నాడు. పాడి ఉంటే నా కథ అక్కడితో ముగిసేది. నా బజ్జీ కాగితం బాధ్యత అంతా ఒక్క దెబ్బకు దూదిలా లేచిపోయేది. అది నాకు బాగా తెలుసు. అప్పుడే దస్తగిరి మామ మైదానంలోకి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, పనిలో ఉండాల్సిన వేళ. భుజాన విల్లు ఉంది, ఒంటి మీద ఒక్క దూదిపోగు కూడా లేదు.

"పాడొద్దు నాయనా," అన్నాడు కొడుకుతో.

పొద్దున మామ ఒక ఇంటికి పనికి వెళ్లాడు. అది ఫ్యాక్షనులో మొగుణ్ణి పోగొట్టుకున్న ఆమె ఇల్లు. పరుపు విప్పి, దూది వాకిట్లో పోసింది. మామ కూర్చుని విల్లు బిగిస్తుండగా వీధిలో పిల్లలు మట్టిగడ్డలను సంచుల్లో వేసుకుని గోడకు విసురుతూ, "మా సంచి కింద పెడితిమా" అని పాడుతున్నారు. ఆమె ఎవరి పాట అని అడిగింది. పిల్లలు మామను చూపించి, ఈయన కొడుకుది అన్నారు. ఆమె లేచి, పోసిన దూదిని దోసిళ్లతో ఎత్తి, మళ్లీ లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకుందట.

"చెడ్డగా చెప్పింటే మాపటికి మర్సిపోయేటోళ్లు," అన్నాడు మామ. "నువ్వు బాగా చెప్పినావు నాయనా. పిల్లోళ్ల నోట్లో ఆ మాటలు ఊడిరావు. అదే తప్పయిపాయె."

మస్తాను పాడలేదు. విల్లు వాళ్ల నాయన భుజం మీది నుంచి తీసి తన భుజాన వేసుకుని, ఆయన వెనకే నడిచి వెళ్లిపోయాడు. డ్రైవర్లు నన్ను మెచ్చుకున్నారు. పెంచల ముందే చెప్పినాడు చూడు అన్నారు. ఓబులేసన్న టీ ఇప్పించాడు. ఆ సాయంత్రం నుంచి మైదానంలో మళ్లీ నేనే మాటలవాణ్ణి. నా జోకులకు మళ్లీ నవ్వారు. ఆ నవ్వుల్లో ఒక్కటి కూడా నాకు రుచించలేదు. మస్తాను మళ్లీ పాట కట్టలేదు. కొన్నాళ్లకు వాళ్లు కడపకు మారిపోయారు. సీడీల కాలం పోయి సెల్‌ఫోన్ల కాలం వచ్చింది, నేను కర్నూలుకు చేరాను.

ఇప్పుడు ఏ పిల్లవాడైనా మంచం మీద పడుకుని పాట కట్టి ఊరంతటికీ వినిపించగలడు. మధ్యలో సీడీ అంగడివాడు ఉండడు. ఒకందుకు మంచిదే అనుకుంటాను. అయినా నా అంగడిలో పిల్లలు వినేది చూస్తే, పాటలో బాగా మోగే అర నిమిషం ముక్కే వింటారు, దాన్నే ఒకరికొకరు పంపుకుంటారు. ఎవరికి వాళ్లే కోసుకుంటున్నారు. వాళ్లకు అసూయ కూడా అక్కర్లేదు. ఆ ఇంజనీరింగ్ పిల్లల కొట్లాట అయిన తర్వాతి ఆదివారం నేను కడప బస్సెక్కాను.

మస్తానుకు అక్కడ పరుపుల అంగడి ఉంది. దూది ఏకే మిషను ఒక మూల రొద పెడుతోంది. గడ్డం నెరిసిందో, దూది పట్టిందో చెప్పలేను. పరుపు అంచు కుడుతూ కూర్చున్నాడు. నన్ను చూసి, "ఏమప్పా, పరుపు కావల్నా, పలకరిచ్చేకి వచ్చినావా?" అన్నాడు. దారి పొడుగునా ఎలా చెప్పాలో నాలుగైదు రకాలుగా అనుకున్నాను, అందులో రెండు జోకులు కూడా ఉన్నాయి. ఏదీ రాలేదు.

"మస్తానూ, ఆ చరణం కంప్యూటర్ మింగలా. నేనే కోసినా."

సూది ఆగలేదు. "తెల్సు."

"ఎప్పటినుంచి?"

"ఆ పొద్దే. మింగితే మొదటిది మింగచ్చు, నడిమిది మింగచ్చు. ఏరి ఏరి దాన్నే మింగిందంటే అది కంప్యూటర్ కాదప్పా, పాట తెలిసినోడు." తలెత్తి చూశాడు. "అంతమందిలో నా పాట సక్కగా విన్నోడివి నువ్వొక్కనివే."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు నా దగ్గర ఎప్పుడూ జవాబుంటుంది. మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్పేదేముంది? తెల్లారి మా నాయనతో ఆ యమ్మ ఇంటికి పోయినా. తలుపు తియ్యలా. వాకిట్లో నిలబడుకోనే ఆ చరణం పాడినా. అప్పుడు తీసింది. 'ఇది ముందే పాడింటే బాగుండు గదా నాయనా' అన్నాది. దూది బయటికి తెచ్చిచ్చింది. మా నాయన ఏకినాడు."

ముందే పాడాడు. ముందే నేను తీసేశాను. ఆమెకు ఆ సంగతి ఈ రోజుకీ తెలియదు.

"ఆమె ఒప్పుకునె గదా, మళ్ల ఎందుకు మానుకుంటివి?"

"నా పాట యాడ తెగుతాదో నాకేం తెలుసు పెంచలా? నువ్వు గాకపోతే ఇంగొకడు కోస్తాడు, లేకుంటే పిల్లోళ్లు సగమే నేర్చుకుంటారు. యాడ తెగినా ఎవురికీ చెడుపు చెయ్యని పాట కట్టల్ల. అంత గొప్పోన్ని కాదని తెలిసిపాయె. మా నాయన మాట గూడా చెవుల్లోనే ఉండాది." దారం కొరికి తెంపాడు. "ఇప్పుడా చరణం నాకే సరిగ్గా గుర్తు లేదులే."

నాకు గుర్తుంది. ఈ భూమ్మీద దాన్ని దాచుకున్న చోటు ఏదైనా ఉంటే అది నా తలే. దొంగ సొత్తు కాబట్టి జాగ్రత్తగా దాచుకున్నాను. బస్సుల్లో, అంగడిలో, స్నానం చేస్తూ, ఎవరూ లేనప్పుడు అనుకునేవాణ్ణి. మిషను ఆపించి, వాడి ఎదురుగా కూర్చుని చెప్పాను:

"పేరడగద్దు, ఊరడగద్దు,
సంచి మోసిన చెయ్యడుగు,
చెయ్యి లేదు, భుజమడుగు,
భుజం పైన బిడ్డ ఎక్కి
ఏమడిగిందో అదడుగు."

మస్తాను కళ్లు మూసుకుని విన్నాడు. మోకాలి మీద వేళ్లతో టుంగ్ టుక్కుటుక్కు అని కొట్టుకున్నాడు. తర్వాత తల అడ్డంగా ఆడించాడు.

"ఎక్కలేదప్పా. చెయ్యి లేనోడు బిడ్డను భుజమ్మీదికి ఎత్తుకునేదెట్ల? 'భుజం పక్కన బిడ్డ నిలిచి.' అట్ల ఉండాది."

ఇన్నేళ్లూ నేను ఆ బిడ్డను ఆ భుజం మీద కూర్చోబెట్టి ముద్దుగా చూసుకున్నాను. ఎవరు ఎత్తారని ఒక్కసారి కూడా అడగలేదు. ఎదురుగా, గుర్తు లేదన్నవాడు, నేను చెబుతున్నంతసేపూ మూసిన కళ్ల వెనక ఆ చెయ్యి లేనివాణ్ణి చూస్తూ ఉన్నాడు. క్షమించమని అడగడానికి వెళ్లినవాణ్ణి, అడిగానో లేదో కూడా గుర్తులేనంతగా అసూయపడి బయటికి వచ్చాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చరణాన్ని సరిచేసుకుందామని మొదలుపెట్టాను. మైదుకూరు దాటేలోపు పదిసార్లు అనుకున్నాను. పదిసార్లూ నా నోరు బిడ్డను ఎత్తి భుజం మీదే పెట్టింది. మస్తాను ఒక్క మాటతో కిందికి దించాడు. నంద్యాల వచ్చినా నేను దించలేకపోయాను.